అరుదుగా వచ్చే పిల్లవాడి కోసం: మామూలు ఆసుపత్రి ఎమర్జెన్సీ ఎక్కడ తడబడుతుంది?

పిల్లవాడికి ఊపిరి అందకపోతే ఏ తల్లీ పిల్లల ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లో చూసుకోదు. ఏది దగ్గరైతే అందులోకి పరిగెత్తుతుంది. ఆ దగ్గరున్నది సాధారణంగా గుండెపోట్లు, పక్షవాతాలు, యాక్సిడెంట్లు, షుగర్ పడిపోయిన పెద్దవాళ్లతో నిండి ఉండే మామూలు ఆసుపత్రి. పిల్లల డాక్టరు అక్కడ రాత్రిపూట ఉండకపోవచ్చు, అసలు ఆ పోస్టే లేకపోవచ్చు. అమెరికా, కెనడా లాంటి దేశాల్లో కూడా ఎమర్జెన్సీకి వచ్చే పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా చేరేది ఇలాంటి చోటికే, అంటే పిల్లల కోసమే కట్టిన పెద్ద ఆసుపత్రికి కాదు. కాబట్టి పిల్లల అత్యవసర వైద్యం బాగుపడాలి అన్నప్పుడు చూడాల్సింది ముందు ఈ మామూలు క్యాజువాలిటీనే.

ఇక్కడ ఒక చిక్కుంది. పిల్లలందరినీ కలిపి లెక్కేస్తే ఎక్కువ మంది వెళ్లేది ఈ ఆసుపత్రులకే, కానీ ఏ ఒక్క ఆసుపత్రిని విడిగా తీసుకున్నా అక్కడికి వచ్చే పిల్లలు కొద్దిమందే. అమెరికాలో 2013లో జరిగిన దేశవ్యాప్త సర్వేలో 4,149 ఎమర్జెన్సీ విభాగాలు జవాబిచ్చాయి. వాటిలో మూడింట రెండు వంతులకు పైగా రోజుకి 15 మంది పిల్లలను కూడా చూడనివే. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువ భాగం జ్వరాలు, దగ్గులు, మంచం మీంచి పడటాలు. నిజంగా ప్రాణం మీదకి వచ్చిన పిల్లవాడు నెలల తరబడి రాకపోవచ్చు. అక్కడి డాక్టరుకి చదువు లేదనో నర్సుకి శ్రద్ధ లేదనో అనుకోవడం తేలిక, కానీ అది తప్పు నిర్ధారణ. నేర్చుకున్నది చేతికి అలవాటయ్యేంతగా కేసులు రావు, అదీ అసలు సంగతి. ప్రాణరక్షణ కోర్సుల్లో నేర్చుకున్న నైపుణ్యం వాడకపోతే కొన్ని నెలల్లోనే సన్నగిల్లుతుందని ఎన్నోసార్లు తేలింది. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

పిల్లలు పెద్దవాళ్ల చిన్న సైజు కాదు అని వైద్యవిద్యలో అందరూ చెప్పే మాటే. కానీ దాని అర్థం ఏంటో లెక్కల్లో చూస్తేనే భయం వేస్తుంది. పసిబిడ్డ శ్వాసమార్గం సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుందాం, చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచిందంటే వెడల్పు సగానికి పడిపోతుంది, గాలికి ఎదురయ్యే అడ్డు దాదాపు 16 రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్లలో 8 మిల్లీమీటర్ల దారికి అదే వాపు వస్తే అడ్డు పెరిగేది సుమారు మూడు రెట్లే. అదే జలుబు తండ్రికి చిరాకు, బిడ్డకి యుద్ధం. పైగా కిలో బరువుకి లెక్కేస్తే పసిపిల్లలు పెద్దవాళ్ల కంటే రెట్టింపు దాకా ఆక్సిజన్ వాడతారు, ఊపిరితిత్తుల్లో నిల్వ తక్కువ, అందుకే ఊపిరి ఆగితే రంగు మారడానికి ఎంతోసేపు పట్టదు. పెద్దవాళ్లలో చాలాసార్లు ముందు గుండె ఆగుతుంది, పిల్లల్లో ఎక్కువగా ముందు ఊపిరి దెబ్బతిని, ఆ తర్వాత గుండె ఆగుతుంది. అంటే చాలామంది పిల్లల విషయంలో గుండె ఆగేలోపు జోక్యం చేసుకోవడానికి కొంత సమయం ఉంటుంది, దాన్ని గుర్తుపట్టాలి, అంతే.

గుర్తుపట్టడం దగ్గరే మోసం జరుగుతుంది. పెద్దవాళ్లని చూసి అలవాటైన కన్ను ముందు బీపీ వైపు పోతుంది. పిల్లల బీపీ నమ్మదగ్గ కబురు చెప్పదు. రక్తమో నీరో తగ్గుతున్నప్పుడు పిల్లల శరీరం గుండె వేగం పెంచి, రక్తనాళాలను బిగించి బీపీని నిలబెడుతుంది. మొత్తం రక్తంలో దాదాపు 30 శాతం పోయినా పై అంకె మామూలుగానే కనిపించవచ్చు. ఆ తర్వాత పడితే ఒక్కసారిగా పడుతుంది. ఐదు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం సుమారు 400 మిల్లీలీటర్లు, కిలోకి 80 చొప్పున. అందులో 100 మిల్లీలీటర్లు పోయాయంటే పావు వంతు పోయినట్టు. నేల మీద చూస్తే అది చిన్న మరకే.

అందుకే పరికరాలు పట్టుకునే ముందు దూరం నుంచి చూసే పద్ధతి ఒకటి నేర్పుతారు: బిడ్డ ఎలా ఉన్నాడు, చూస్తున్నాడా, ఏడుస్తున్నాడా, వేలాడిపోయాడా, ఊపిరి కోసం ఎంత కష్టపడుతున్నాడు, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోందా, ఒంటి రంగు ఎలా ఉంది, పాలిపోయిందా, మచ్చలు మచ్చలుగా ఉందా. ఈ మూడూ చూడటానికి అర నిమిషం చాలు, కరెంటు కూడా అక్కర్లేదు. ఊపిరి లెక్కపెట్టడం కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఒకటి నుంచి ఐదేళ్ల వరకు 40, ఆ అంకెకి చేరినా దాటినా వేగంగా పీలుస్తున్నట్టే. ఈ అంకెలు రాత్రి రెండింటికి గుర్తుండాల్సిన పని లేదు, గోడ మీద ఉంటే సరిపోతుంది. గోడ మీద ఎందుకు ఉండదో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక మందుల సంగతి. పెద్దవాళ్లకి ఒక ఆంప్యూల్, ఒక మాత్ర, చాలామందికి ఒకటే డోసు. పిల్లలకి ప్రతిదీ బరువుని బట్టి. గుండె ఆగినప్పుడు ఇచ్చే అడ్రినలిన్ తీసుకోండి: కిలోకి 0.01 మిల్లీగ్రాము. పది కిలోల పిల్లవాడికి 0.1 మిల్లీగ్రాము. ఆ మందు రెండు గాఢతల్లో దొరుకుతుంది; ఒకదాంట్లో ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉంటుంది, ఇంకోదాంట్లో అందులో పదో వంతే. పలుచటిదైతే పూర్తి మిల్లీలీటరు ఎక్కించాలి, చిక్కటిదైతే దానిలో పదో వంతు. తల్లి ఏడుస్తోంది, మానిటర్ మోగుతోంది, ఎవరో ఛాతీ నొక్కుతున్నారు, ఈ గందరగోళంలో దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే డోసు పది రెట్లవుతుంది. పెద్దవాళ్ల విషయంలో పది రెట్ల పొరపాటు జరగాలంటే పది ఆంప్యూళ్లు పగలగొట్టాలి, చేయి దానంతటదే ఆగుతుంది. పిల్లల విషయంలో ఆ తప్పు డోసు కూడా ఒక్క సిరంజిలోనే ఇమిడిపోతుంది, కంటికి ఏ తేడా కనపడదు.

బరువు దగ్గర మరో తమాషా. పౌండ్లు వాడే దేశాల్లో 22 పౌండ్ల పిల్లవాడిని చీటీలో ఉత్త 22 అని రాస్తే, తర్వాత చూసినవాళ్లు దాన్ని కిలోలు అనుకుంటే, ప్రతి మందూ రెండింతలకు పైగా వెళ్తుంది. దీనికి మందు ఏంటంటే, పిల్లల్ని తూచే యంత్రం కిలోలు తప్ప ఇంకేం చూపించకుండా లాక్ చేసేయడం. అంతే. కమిటీ వేయక్కర్లేదు, బిల్డింగ్ కట్టక్కర్లేదు. నాకు ఈ రంగంలో బాగా నచ్చేది ఇలాంటి పరిష్కారాలే, ఎందుకంటే అవి మనిషిని ఇంకా జాగ్రత్తగా ఉండమని బతిమాలవు, పొరపాటు పడే దారినే మూసేస్తాయి.

తూచడానికి కూడా వీల్లేని పరిస్థితి ఉంటే? అమెరికాలో జేమ్స్ బ్రోస్లో అనే ఎమర్జెన్సీ డాక్టరు 1980ల్లో ఒక టేపు తయారుచేశాడు. పిల్లవాడి పక్కన పరిచి తల నుంచి మడమ దాకా కొలిస్తే, మడమ ఏ రంగు మీద ఆగిందో ఆ రంగులో సుమారు బరువు, ముఖ్యమైన మందుల డోసులు, ట్యూబు సైజు రాసి ఉంటాయి. లెక్క వేసే పనే లేదు. టేపుకి కూడా లోపాలున్నాయి. ఊబకాయం ఉన్న పిల్లల్లో బరువు తక్కువ చూపిస్తుంది, పోషకాహార లోపంతో చిక్కిపోయిన పిల్లల్లో ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి అది వేదవాక్కు కాదు. అయినా వణికే చేతులతో కాలిక్యులేటర్ నొక్కడం కంటే వెయ్యి రెట్లు నయం.

వస్తువుల దగ్గరకొస్తే, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్, మాస్కు, గొంతులోకి వేసే ట్యూబు, నరంలోకి వేసే క్యాన్యులా, బీపీ పట్టీ, ఆక్సిజన్ ప్రోబ్, అన్నీ నాలుగైదు సైజుల్లో కావాలి. పెద్ద మాస్కు చిన్న ముఖం మీద పెడితే గాలంతా పక్కనుంచి పోతుంది. నరం దొరకకపోతే ఎముక మూలుగలోకి వేసే సూది ఉండాలి, ఎందుకంటే షాక్‌లో ఉన్న, అంటే రక్తప్రసరణ పడిపోయిన పసిబిడ్డకి నరం వెతుక్కుంటూ కూర్చుంటే నిమిషాలు కరిగిపోతాయి, మోకాలి కింద ఎముకలో సూది మాత్రం క్షణాల్లో దిగుతుంది. ఇవి ఆసుపత్రిలో ఉన్నాయా అని అడిగితే చాలా చోట్ల ఉన్నాయనే చెబుతారు. అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఎక్కడున్నాయి? తాళం ఎవరి దగ్గర? ఆఖరిసారి ఎవరు, ఎప్పుడు తెరిచి చూశారు?

ఈ ప్రశ్నలకి జవాబు చెప్పే మనిషి ఒకరుండాలి అనేదే మొత్తం ప్రయత్నాల్లో నేను అన్నిటికంటే పైన పెట్టే విషయం. అమెరికా మార్గదర్శకాలు దీన్ని పీడియాట్రిక్ ఎమర్జెన్సీ కేర్ కోఆర్డినేటర్ అంటాయి, పేరు పెద్దది, పని మాత్రం ఇల్లు చూసుకునే పెద్దకోడలి పని: ఉన్న డాక్టర్లలో ఒకరు, నర్సుల్లో ఒకరు, పిల్లలకి సంబంధించిన ప్రతిదానికీ మేం ఇన్‌ఛార్జ్ అని తలకెత్తుకోవడం. కొత్త ఉద్యోగం సృష్టించాలని కూడా లేదు, ఉన్నవాళ్లకే వారంలో కొన్ని గంటలు కేటాయిస్తే చాలు. కొద్దిమంది పిల్లలే వచ్చే చోట పిల్లల పని అందరి పనీ అవుతుంది, అంటే ఎవరి పనీ కాదు. 2013 సర్వేలో ఆసుపత్రుల సన్నద్ధతకి 100కి మార్కులు వేస్తే, డాక్టరు, నర్సు ఇద్దరు కోఆర్డినేటర్లూ ఉన్న చోట మధ్యస్థ స్కోరు 82.2, ఎవరూ లేని చోట 66.5.

అసలు ఈ మార్కులకీ పిల్లల ప్రాణాలకీ సంబంధం ఉందా, లేక కాగితం మీద టిక్కులేనా? న్యాయమైన అనుమానమే. 2019లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 426 ఆసుపత్రులకి వచ్చిన 20,483 మంది విషమ స్థితిలోని పిల్లలను పరిశీలించింది. స్కోరులో అట్టడుగు పావు వంతు ఆసుపత్రుల్లో మరణాలు 11.1 శాతం, పై పావు వంతులో 3.4 శాతం. జబ్బు తీవ్రత లాంటి తేడాలు సర్దుబాటు చేశాక కూడా తేడా చెక్కుచెదరలేదు. ఇది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు, కాబట్టి మార్కులు పెంచగానే మరణాలు అంతే తగ్గుతాయని నేను చెప్పను. అన్నీ పద్ధతిగా నడిచే ఆసుపత్రికి ఇందులోనూ మంచి మార్కులే వస్తాయి కదా. కానీ ఇంత తేడాని పక్కన పెట్టేయడం కూడా కుదరదు. కలవరపెట్టేది ఇంకోటి: అమెరికా మొత్తం మీద మధ్యస్థ స్కోరు 2003లో 55, 2013లో 69, 2021లో 69.5. మొదటి పదేళ్లలో ఎగబాకిన బండి తర్వాత ఎనిమిదేళ్లు దాదాపు అక్కడే నిలబడిపోయింది. ఇంత డబ్బున్న దేశంలోనే.

డబ్బు లేని చోట ఏం జరిగిందో కూడా చూడాలి, ఎందుకంటే నాకు అది ఇంకా పెద్ద పాఠంలా కనిపిస్తుంది. ఆఫ్రికాలోని మలావీలో, బ్లాంటైర్ నగరంలోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ హాస్పిటల్ చిన్నదేం కాదు, కానీ వనరులు అంతంతమాత్రం. ఎలిజబెత్ మోలిన్యూ, ఆమె సహచరులు 2000ల మొదట్లో అక్కడ పిల్లలు వచ్చే దారిని మార్చారు: వచ్చిన వరుసలో కాకుండా జబ్బు తీవ్రతని బట్టి వేరుచేయడం, అత్యవసర చికిత్స వెంటనే మొదలయ్యేలా చోటుని సర్దడం, సిబ్బందికి శిక్షణ. అంతకుముందు 10 నుంచి 18 శాతం మధ్య ఉన్న ఇన్‌పేషెంటు మరణాలు 6 నుంచి 8 శాతానికి దిగాయి. పెద్ద యంత్రాలేం రాలేదు. క్యూ మారింది.

ఆ క్యూ మార్చే పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈటాట్ అనే పేరుతో 2005లో శిక్షణ పుస్తకంగా తెచ్చింది. తలుపు దగ్గరే, ఓపీ చీటీ రాయకముందే, పిల్లల్ని మూడు రకాలుగా విడదీయాలి: ఇప్పుడే చూడాల్సినవాళ్లు, త్వరగా చూడాల్సినవాళ్లు, వరుసలో కూర్చోగలిగినవాళ్లు. ఊపిరి దారి మూసుకుపోవడం, తీవ్రమైన ఆయాసం, షాక్, స్పృహ తప్పడం, ఫిట్స్, విరేచనాలతో ఒళ్లు బాగా ఎండిపోవడం, వీటిలో ఏది కనిపించినా మొదటి గుంపే. ఇది చేయడానికి డాక్టరు కావాలని లేదు. చీటీ రాసే గుమాస్తాకి, గేటు దగ్గర మనిషికి నేర్పినా చేయగలరు, ఆ బిడ్డని ముందు చూసేది వాళ్లే కాబట్టి వాళ్లకి నేర్పడమే తెలివైన పని.

మరి చేతి అలవాటు పోకుండా ఎలా? మాక్ డ్రిల్స్. ఎక్కడో కాన్ఫరెన్స్ హాల్లో కాదు, అదే క్యాజువాలిటీ గదిలో, అదే రాత్రి డ్యూటీ వాళ్లతో, ఒక బొమ్మని బల్ల మీద పెట్టి పావుగంట. తలుపు తీయగానే ఫిట్స్‌లో ఉన్న రెండేళ్ల పిల్లవాడు అనుకోండి, మొదలెట్టండి. ఆ పావుగంటలో బయటపడేవి చాలావరకు వైద్య జ్ఞానానికి సంబంధించినవే కావు. చిన్న మాస్కు ఉన్న డ్రాయరు కింద వరుసలో ఇరుక్కుపోయి రాదు. గ్లూకోజ్ చూసే మిషన్ పక్క వార్డు వాళ్లు తీసుకెళ్లారు. ఎవరు నాయకుడో తేలక ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నిజం పిల్లవాడి మీద తెలిసే బదులు బొమ్మ మీద తెలియడం మంచిది కదా.

ఇంతవరకు ప్రాణాపాయం గురించే మాట్లాడాను, కానీ మామూలు ఆసుపత్రిలో పిల్లలకి జరిగే అన్యాయం ఎక్కువగా మామూలు జబ్బుల్లో జరుగుతుంది. తెలిసిన విషయం అక్కడి దాకా చేరకపోవడం. క్రూప్ అని, కుక్క మొరిగినట్టు దగ్గే జబ్బు ఒకటుంది. తేలికపాటి క్రూప్‌కి కూడా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు ఒక్క డోసు నోటి ద్వారా ఇస్తే పిల్లలు మళ్లీ వైద్యం కోసం రావడం సుమారు 15 శాతం నుంచి 7 శాతానికి తగ్గిందని 720 మంది పిల్లల మీద కెనడాలో చేసిన ప్రయోగం 2004లోనే చూపించింది. తలకి దెబ్బ తగిలితే ప్రతి పిల్లవాడికీ సీటీ స్కాన్ తీయక్కర్లేదని, ఎవరికి అక్కర్లేదో కొన్ని ప్రశ్నలతో తేల్చవచ్చని 42 వేల మందికి పైగా పిల్లలను చూసిన అమెరికా అధ్యయనం 2009లో చెప్పింది. ఇవన్నీ పెద్ద పత్రికల్లో వచ్చినవే. కానీ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు పత్రికలు తిరగేయడు. కెనడాలో 2011లో మొదలైన ట్రెక్ అనే నెట్‌వర్క్ సరిగ్గా ఈ ఖాళీని పట్టుకుంది: పిల్లల ఆసుపత్రుల్లో తెలిసినదాన్ని క్లుప్తమైన పత్రాలుగా, రెడీమేడ్ ఆర్డర్ షీట్లుగా చేసి మామూలు ఎమర్జెన్సీలకి చేరవేయడం.

అయితే ఒకచోట పనిచేసినదాన్ని కళ్లు మూసుకుని ఇంకోచోట దించేయకూడదు. షాక్‌లో ఉన్న పిల్లవాడికి సెలైన్ వేగంగా ఎక్కించాలని దశాబ్దాలుగా అందరూ నమ్మారు. 2011లో కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో జ్వరంతో పాటు రక్తప్రసరణ తగ్గిన లక్షణాలున్న 3,141 మంది పిల్లలతో ప్రయోగం చేస్తే, వేగంగా ఎక్కించిన గుంపుల్లో 48 గంటల్లోపు సుమారు 10.5 శాతం చనిపోయారు, నెమ్మదిగా ఇచ్చిన గుంపులో 7.3 శాతం. విరేచనాలతో ఎండిపోయిన పిల్లలు ఆ ప్రయోగంలో లేరు, వాళ్ల లెక్క వేరు. వెంటిలేటరు, ఐసీయూ వెనక ఉన్న చోట పుట్టిన అలవాటు, అవేమీ లేని చోట ప్రాణం తీయగలదని అది చూపించింది. అందుకే ప్రోటోకాల్ ఏదైనా, తన దగ్గర ఏముంది ఏం లేదు అన్నది ముందు చూసుకుని పెట్టుకోవాలి.

చివరికి కొందరు పిల్లల్ని పెద్ద ఆసుపత్రికి పంపక తప్పదు. ఇక్కడ రెండు వైపులా తప్పు చేస్తారు. ఒకటి, భయపడి ఏమీ చేయకుండా వెంటనే అంబులెన్స్ ఎక్కించేయడం, దారిలో ఊపిరి ఆగితే బండిలో ఎవరూ ఏమీ చేయలేరు. రెండోది, ఇంకాసేపు చూద్దాం అంటూ ఆలస్యం చేయడం. ముందే రాసుకున్న ఒప్పందం ఉంటే రెండూ తగ్గుతాయి: ఎలాంటి పిల్లవాడిని పంపాలి, ఏ నంబరుకి ఫోన్ చేయాలి, బయల్దేరే ముందు ఏమేం చేసి ఉండాలి, వెంట ఎవరు వెళ్లాలి. బెడ్ ఉందో లేదో కనుక్కోవడానికి ఐదు చోట్లకి ఫోన్ చేస్తూ డ్యూటీ డాక్టరు పిల్లవాడిని వదిలి అరగంట ఫోన్లో ఉండటం వైద్యం కాదు. వీడియో కాల్ ఉంటే ఇంకా మేలు. కాలిఫోర్నియాలో మారుమూల ఎమర్జెన్సీల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, స్పెషలిస్టు వీడియోలో చూసినప్పుడు డాక్టర్ల మందుల పొరపాట్లు 3.4 శాతం, ఫోన్లో మాట్లాడితే 10.8 శాతం, ఎవరినీ అడగకపోతే 12.5 శాతం. ఫోన్‌కీ ఎవరినీ అడగకపోవడానికీ తేడా ఇంత తక్కువ ఉండటం నన్ను ఆశ్చర్యపరిచింది. పరికరాల కంటే ముందు పిల్లవాడిని కళ్లతో చూడాలని పైన అన్నది గుర్తు చేసుకుంటే మరీ అంత ఆశ్చర్యం అక్కర్లేదేమో.

తల్లిదండ్రుల గురించి ఒక మాట. వీడు ఎప్పటిలా లేడు అని తల్లి అంటే దాన్ని టెన్షన్ కింద కొట్టేయకూడదు, అది కూడా చీటీలో రాయాల్సిన లక్షణమే. డాక్టరు ఆ పిల్లవాడిని పది నిమిషాలుగా చూస్తున్నాడు, ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తోంది.

ఇంకొక పని ఉంది, చిన్నదే, దాదాపు ఎవరూ చేయరు. పెద్ద ఆసుపత్రికి పంపిన పిల్లవాడు ఆ తర్వాత ఏమయ్యాడో పంపిన చోటికి తెలియదు. బతికాడా, అసలు జబ్బేంటి, మనం ఇచ్చిన మందు సరైనదేనా, ఇంకో గంట ముందు పంపాల్సిందా? జవాబు రాకపోతే ఆ రాత్రి చేసిన తప్పు తప్పని తెలియదు, సరిగ్గా చేసింది సరైనదనీ తెలియదు, పది నెలల తర్వాత అలాంటి ఇంకో పిల్లవాడు వస్తే మళ్లీ మొదటి నుంచే. పిల్లవాడిని చేర్చుకున్న ఆసుపత్రిలో ఒకరు రెండ్రోజుల తర్వాత పంపిన డాక్టరుకి, నర్సుకి ఐదు నిమిషాలు ఫోన్ చేసి జరిగింది చెబితే చాలు.